కూడు సల్లారిపోతంది

(1987 ఆగస్టులో నర్సీపట్నం నాటక సమాజం హాలులో జరిగిన రంగూన్ హమీదమ్మ గారి సంతాప సభలో, ఆడపిల్లల హైస్కూలు తెలుగు టీచరు వర్ధనమ్మ గారు చేసిన ప్రసంగం)

అధ్యక్షులు రామనాథం గారికి, ముందు వరసలో తల వంచుకుని కూర్చున్న ఇస్మాయిల్ భాయికి, ఇంత వానలో వచ్చి గొడుగులు గోడవార ఆనించి కూర్చున్న మీకందరికీ నమస్కారం.

హాలు నిండిపోయింది. వరండాలో కూడా నిలబడి ఉన్నారు. మాకవరపాలెం నుంచి, కోటవురట్ల నుంచి బస్సులు పట్టుకుని వచ్చినవాళ్లు కనిపిస్తున్నారు. హమీదమ్మ గారే ఉండి ఉంటే తెర పక్క నుంచి తొంగి చూసి, "ఈయేళ హౌస్‌ఫుల్లు టీచరమ్మా" అని నా చెయ్యి గిల్లేవారు. అవునక్కా, ఈవేళ హౌస్‌ఫుల్లే. గిల్లడానికే మీరు లేరు.

రామనాథం గారు నన్ను ఆవిడ కళాసేవ గురించి మాట్లాడమన్నారు. పెద్దలు, కాదనలేను గానీ, సేవ ఏటండీ? హమీదమ్మ గారు కళకి సేవ చెయ్యలేదు. ఆవిడ ఎదురు చూశారు. ఎదురు చూడ్డానికి ఒక చోటు కావలసి వచ్చి ఈ స్టేజీ ఎక్కారు. మొదటి పదకొండేళ్లు మనం నాటకాలనుకుని చూసినవన్నీ ఒక కూతురు తల్లి కోసం ఎదురు చూడ్డమే. కొత్తగా వచ్చిన పిల్లలు కొందరికి ఈ సంగతి తెలీదు, అందుకని మొదటి నుంచీ చెబుతాను.

ఆవిడ పుట్టింది రంగూన్‌లో. తండ్రి మన దేశం నుంచి వెళ్లిన దర్జీ. తల్లి అక్కడి మనిషి, బర్మా ముస్లిం. వాళ్లు మేడ మీద, కింద వాటాల్లో రేవులో బస్తాలు మోసే మన విశాఖ జిల్లా కూలీలు. ఆ కూలీలు పండక్కి నాటకాలు వేసేవారట. రాజుగారి కోటు దగ్గర నుంచి భటుడి తలపాగా దాకా హమీదమ్మ గారి నాన్నే కుట్టేవాడు. ఈ పిల్ల ఆ గుడ్డముక్కల మధ్య కూర్చుని, చెక్కమెట్ల సందుల్లోంచి కిందకి చూస్తూ, కూలీల నోటి తెలుగు నేర్చుకుంది. అమ్మ అన్నం కలిపి పెడుతూ ఉంటే, కింద నుంచి పద్యం పైకి వస్తూ ఉండేదట. ఆవిడ ఈ ముక్క చెప్పినప్పుడల్లా నాకు ఆ మెట్లు కనిపించేవి. నేను రంగూన్ చూడలేదు, చూసే యోగమూ లేదు. కానీ ఆ మెట్ల మీద చాలాసార్లు కూర్చున్నాను.

అరవై అయిదులో అక్కడి సర్కారు కొట్లూ పనులూ లాగేసుకుని, మనవాళ్ల బతుకులు తలకిందులు చేసింది. తండ్రి అప్పటికే లేడు. హమీదమ్మ గారూ, భర్త ఇస్మాయిల్ భాయీ విశాఖపట్నం ఓడ ఎక్కారు. తల్లి అక్కడి మనిషి కదా, ఆవిడకి కాగితాలు కుదరలేదు. రేవులో నిలబడి వాళ్ల భాషలో కూతురితో ఒక్క మాట అందట. "వచ్చే ఓడకి వస్తాను, అన్నం వండి ఉంచు."

వచ్చే ఓడకి రాలేదు. ఆ తర్వాతి ఓడకీ రాలేదు. కొన్నాళ్లకి ఆ ఓడలే ఆగిపోయాయి. ఈలోగా ఈ దంపతులు మన ఊరు చేరి, బస్టాండు వెనక సందులో కుట్టుమిషను పెట్టుకున్నారు. మన ఊరికి సముద్రం లేదు, రేవు లేదు. అయినా చింతపల్లి ఘాటీ దిగి వచ్చే కలప లారీ హారను కొడితే, ఓడ కూతేమోనని హమీదమ్మ గారు మిషను ఆపి తల తిప్పేవారు. ఆవిడ దగ్గర జాకెట్లు కుట్టించుకున్న ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు.

ఆ మిషను దగ్గరే ఆవిడ నాకు మొదటి నాటకం చెప్పారు. తెలుగు మాట్లాడ్డమే గానీ రాయడం రాదు. కాలు మిషను తొక్కుతూ ఉంటే నోరు నాటకం చెబుతూ ఉండేది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని రాసేదాన్ని. టీచరుని కదా, చెయ్యి ఊరుకోదు. ఆవిడ అది కనిపెట్టి, "నువ్వు రాయి టీచరమ్మా, దిద్దకు" అనేవారు. ఆ నాటకం పేరు "రేపటి ఓడ". ఒక ఆడమనిషి రోజూ అన్నం వండి, కంచంలో పెట్టి, మూత వేసి, రేవు కేసి చూస్తూ కూర్చుంటుంది. పక్కింటామె వచ్చి మందలించి పోతుంది. ఆ ఆడమనిషి వేషం ఆవిడది, పక్కింటామె వేషం నాది. మందలించడం నాకు వేరే నేర్పక్కర్లేదు అని ఎంపిక చేశారు.

ఆ నాటకం చివర్లో ఆ ఆడమనిషి మాట ఆపేస్తుంది. అలా చెవి ఒగ్గి వింటుంది. ఏ చప్పుడూ ఉండదు. చాలాసేపటికి కంచం కేసి తిరిగి, "కూడు సల్లారిపోతంది, బేగి రాయే అమ్మా" అంటుంది. అంతే, తెర.

డెబ్బై రెండులో ఈ హాల్లోనే వేశాం. ఆ వేళ ఏమైందో మన సోములు చెబితే బావుంటుంది, గానీ సిగ్గుపడతాడు. సోములు మన ప్రాంప్టరు. తెర పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. హమీదమ్మ గారు మాట ఆపారు. సోములు చూశాడు. ఇంకా ఆపారు. పాపం, మనిషి మరిచిపోయింది కాబోలనుకున్నాడు. మెల్లిగా అందించాడు. ఆవిడ పలకలేదు. ఇంకాస్త గట్టిగా అందించాడు. చివరికి ఈ రేకులు అదిరేలా "కూడు సల్లారిపోతంది" అని అరిచాడు. ఇక చెప్పేదేముంది? వెనక బెంచీలు ఈలలు వేశాయి. హాలంతా కలిసి అదే మాట మళ్లీ మళ్లీ అరిచింది. వారం దాకా బజారులో ఎవరు కనబడినా అదే పలకరింపు.

మర్నాడు సోములు మొహం చెల్లక ఇంట్లో దాక్కుంటే, ఆవిడే వాళ్లింటికి వెళ్లారు. కోప్పడలేదు. "నాను మరిసిపోనేదు బాబూ, సెవి ఒగ్గి ఇంతన్నాను" అన్నారు. ఏమి వింటున్నారని నేను తర్వాత అడిగాను. చెక్కమెట్ల మీద అమ్మ కర్రచెప్పుల చప్పుడు, అన్నారు. మన ఊళ్లో అవి రెండూ లేవు కదా, అంచేత వినాలంటే అందరూ నోరు మూసుకోవాలి టీచరమ్మా, అన్నారు. ఆ రోజు నుంచి సోములు ఆ చోటు వచ్చేసరికి పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకునేవాడు.

పరిషత్తు పోటీలకి వెళ్తే అక్కడి న్యాయనిర్ణేతలు ఆ మౌనానికి మార్కులు కోసేశారు. కాలయాపన అన్నారు. ఆవిడ దాన్ని తగ్గించారా? ఆ తర్వాత పదేళ్లూ చెప్పి రాయించిన ప్రతి నాటకంలోనూ ఒక మౌనం పెట్టారు. ముసలి పోలీసు వేషం వేసినా, బడి ఎగ్గొట్టే పిల్లాడి వేషం వేసినా, ఏదో ఒక చోట ఆగి చెవి ఒగ్గేవారు. మగవేషాలు ఆవిడ వేస్తుంటే ఊళ్లో గొణిగినవాళ్లున్నారు. సాయిబుల ఆడమనిషి స్టేజీ ఎక్కడమేటని అటూ ఇటూ కూడా అన్నారు. ఇస్మాయిల్ భాయి కూర్చుని మనకి కొత్త తెర కుట్టి ఇచ్చారు. ఇదిగో, నా వెనక ఉన్నది అదే.

నాటకం ఉన్న సాయంత్రం గ్రీన్‌రూమ్‌లో ఓ మూల ఆవిడ నమాజు చేసుకునేవారు. ఆవిడ చాప మడిచేదాకా సోములు గంట కొట్టేవాడు కాదు. మేము కొబ్బరికాయ కొట్టేదాకా ఆవిడ రంగు పూసుకునేవారు కారు. ఎవరూ పెట్టిన రూలు కాదిది. అలా జరిగిపోయేది.

కోటవురట్ల నుంచి వచ్చినవాళ్లున్నారు కదా, మీకు మీ ఊళ్లో వేసిన "రేపటి ఓడ" జ్ఞాపకం ఉండి ఉంటుంది. చెరకు గానుగలు ఆడే రోజులు. పొద్దు వాలుతోంది. రెండు ట్రాక్టరు ట్రక్కులు కలిపి స్టేజీ చేశారు. పక్క కళ్లంలో బెల్లం పెనాల మీంచి ఆవిరి లేచి మెల్లమెల్లగా మా మీదకి వస్తోంది. మంచూ, ఆవిరీ కలిసిపోయి నాకు ఎదురుగా ఉన్న జనం సగం సగమే కనబడుతున్నారు. తియ్యటి వాసన. ఆ మసకలో ట్రక్కు నిజంగానే నీళ్ల మీద కదిలినట్టు అనిపించింది నాకు. ఇప్పటికీ ఒక్కోసారి నిద్రపట్టే ముందు ఆ ట్రక్కు నా కింద కదులుతుంది.

హమీదమ్మ గారు మాట ఆపారు. మళ్లీ ఎవరు అరుస్తారో అని నేను బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. ఆ ఆవిరిలోంచి ఒక ముసలమ్మ లేచింది. అప్పలకొండమ్మ అని తర్వాత తెలిసింది. స్టేజీ దాకా నడుచుకుంటూ వచ్చి, నాటకం అన్న ధ్యాస లేకుండా అడిగింది. "మా అయ్య కూడా రంగమే ఎల్లినాడు తల్లీ. నాను సంటిదాన్ని. నువ్వు అక్కడుండగా ఎక్కడైనా అగుపించినాడా?" రంగూన్‌ని పాతవాళ్లు రంగం అనేవారు. మన జిల్లాలో రంగం వెళ్లి తిరిగిరాని మనిషి లేని ఊరేదండీ?

ఏం చెబుతారో అని చూశాను. చూశానమ్మా అంటే అబద్ధం. చూడలేదంటే ఆ ముసలి ప్రాణానికి దెబ్బ. హమీదమ్మ గారు ట్రక్కు అంచున కూర్చుని, ఆ ముసలమ్మ చెయ్యి పట్టుకుని అన్నారు. "పేరు తెల్దమ్మా. గానీ నాకు మాటలు నేర్పినోల్లలో ఆయనా ఉండే ఉంతాడు. మీ అయ్య మాటలే నానాడతన్నాను." ముసలమ్మ ఆవిడ నోటి కేసే చూస్తూ ఉండిపోయింది. ఆ కళ్లంలో చప్పుడన్నది లేదు. పెనం కింద మంట ఎగదోసేవాడు కూడా చేతులు ఆపేశాడు. అందరూ విన్నారు. ఎవరికి ఎవరి అడుగులు వినిపించాయో నాకు తెలీదు. ఆ రోజుతో ఆవిడ మన మనిషి అయిపోయారు. ఎక్కడి నుంచో వచ్చిన మనిషి అనే మాట ఆ తర్వాత నేను ఎవరి నోటా వినలేదు.

ఇక ఎనభై మూడు సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా దిగిపోదామనుకున్నాను. కానీ ఇస్మాయిల్ భాయి పొద్దున్న చెప్పమన్నారు.

సమాజం వార్షికోత్సవం. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ "రేపటి ఓడ" వేస్తున్నాం. ఆ మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. అతనూ రంగూన్ నుంచి వచ్చినవాడే. హమీదమ్మ గారి తల్లి అక్కడ పోయిందని చెప్పాడు. కిందటి వానాకాలంలోనే పోయిందట. కబురు సాయంత్రానికి బజారంతా పాకిపోయింది. నాటకం ఆపేద్దామని రామనాథం గారన్నారు, ఇస్మాయిల్ భాయి అన్నారు, నేనన్నాను. ఆవిడ ముఖం కడుక్కొచ్చి, "ఈయేళ నాను కాపోతే మాయమ్మకి కూడెవులు వడ్డిత్తారు?" అన్నారు.

తెర లేచింది. ఆవిడ వండారు, వడ్డించారు, మూత వేశారు. నేను వెళ్లి మందలించాను. ఆవిడ మాట ఆపారు. చెవి ఒగ్గారు. సమయం అయింది. ఆవిడ కంచం కేసి తిరిగారు. నోరు తెరిచారు. మాట రాలేదు.

ఎలా వస్తుందండీ? పోయిన తల్లిని కూడు చల్లారిపోతోంది రమ్మని ఏ కూతురు పిలవగలదు?

నేను సోములు కేసి చూశాను. వాడి ఒళ్లో పుస్తకం మూసే ఉంది. ఆవిడ మాట విన్న దగ్గర నుంచీ ఆ చోట మూసి ఉంచడమే కదా వాడి అలవాటు. ఆవిడకి నిజంగా మాట అందించవలసిన రోజున వాడు అందించలేక, పెదవి కొరుక్కుని ఏడుస్తున్నాడు. ఆవిడ అలాగే ఉన్నారు. దీపం వెలుగులో ఆవిడ ఎక్కడో దూరాన, అవతలి ఒడ్డున కూర్చున్నట్టు కనిపించారు నాకు.

అప్పుడు వెనక బెంచీల నుంచి ఒక గొంతు లేచింది. డెబ్బై రెండులో ఈలలు వేసిన ఆ బెంచీలే. గట్టిగా కాదు, నిద్రపోతున్న బిడ్డ పక్కన మాట్లాడినట్టు. "కూడు సల్లారిపోతంది." పక్క గొంతు కలిసింది. ఆడవాళ్ల వరసలు కలిశాయి. హాలు హాలంతా మెల్లిగా, ఆవిడ బదులు, వాళ్లమ్మని పిలిచింది. "బేగి రాయే అమ్మా." మీలో చాలామంది ఆ రోజు ఇక్కడున్నారు. మీ గొంతులే అవి.

హమీదమ్మ గారు మన కేసి ఒకసారి చూశారు. కంచం మీద మూత తీశారు. అన్నం కలుపుకుని ఒక ముద్ద తిన్నారు. అది నాటకంలో లేదు. ఇస్మాయిల్ భాయి తెర దించారు.

మళ్లీ ఆ నాటకం ఆవిడ వెయ్యలేదు. "ఇనడం అయిపోనాది టీచరమ్మా, ఇక నవ్వుదాం" అన్నారు. ఈ నాలుగేళ్లూ చెప్పి రాయించినవన్నీ హాస్య నాటకాలే. ఒక్కదాంట్లో మౌనం లేదు. మనని ఊపిరి తిప్పుకోనివ్వకుండా నవ్వించారు. మొన్న శుక్రవారం తెల్లవారుజామున, నిద్రలోనే వెళ్లిపోయారు. నాకు చాలా బాధగా ఉంది. నా స్టూలు ఇంకా ఆ మిషను పక్కనే ఉంది. మిషను చప్పుడు లేని ఆ సందులోకి వెళ్లాలంటే నా కాళ్లు రావడం లేదు.

ఇప్పుడు మనందరం లేచి నిలబడాలి. సభల్లో నిమిషం మౌనం అంటారు. ఆవిడ తన మౌనానికి ఎప్పుడూ గడియారం పెట్టలేదు, మనమూ వద్దు. సోములూ, గంట కొట్టకు నాయనా. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకోనక్కర్లేదు, కింద పెట్టేసి నువ్వూ లే. ఘాటీ దారిలో లారీ హారను వినిపిస్తే తలలు తిప్పండి, తప్పు లేదు. రేకుల మీద వాన కాస్త తగ్గింది. చెవి ఒగ్గండి. చెక్కమెట్ల మీద ఈసారి రెండు జతల అడుగులు ఉంటాయి.

ఒక్కటే మనవి. ఆ మాట మీ అందరికీ వచ్చు, నాలుక చివరే ఉంటుంది. ఈసారి మాత్రం ఎవరూ అందించకండి. ఆవిడ వాళ్లమ్మ దగ్గరికి చేరిపోయారు, కూడు వేడిగానే ఉంది.

లేవండి.