షెడ్డులో తెగిపోయే పాట

"మగ్గం కాడ కూచున్నోళ్ల మీద ఎవరి కన్నూ ఉండదు. ఇది నా మాట." నీ మాటే కదా నాయనా? పోయిన ఉగాది నాడు, ఓబిలేష్ అన్న, ఆంజినమ్మక్క, మన షెడ్డులో నేసేవాళ్లందరి ముందర అంటివి. నేనైతే చప్పట్లు కొడితిని.

ఆ టీవీ బంద్ చెయ్యి. కూచో. మాట్లాడాల.

షెడ్డులో పాట తెగిపోతాండాదని రెండు నెల్లు తిరిగినా, చూస్తివి కదా. ఇంట్లో కంప్యూటర్‌లో నెట్ రేడియో పెట్టి, వైఫై మీద షెడ్డు స్పీకర్‌కు పంపిస్తే ఒక చరణం వస్తాది, నిలిచిపోతాది. సంగీతం శ్రమజీవి హక్కు అని ఉపన్యాసమిచ్చి పెట్టినోన్ని నేను. ఓబిలేష్ అన్న ఏమన్నాడో తెలుసా? "ఏమప్పా చైతన్యా, నీ విప్లవం కూడా మన కరెంటు మాదిరే వచ్చి పోతాండాదే." అందరూ నవ్విరి.

మొదట జరీ మీద అనుమానపడితిని. లోహం కదా, సిగ్నల్‌కు అడ్డమేమోనని జరీ పెట్టెలన్నీ ఈ మూల నుంచి ఆ మూలకు మోయించినా. మూడు తూర్లు. ఆంజినమ్మక్క నడుము పట్టుకొనే మోసింది. నువ్వు గుమ్మం కాడ నిలబడి చూస్తివి.

కార్డ్‌లెస్ ఫోన్ పీకేసినా. మోడెం మిద్దె మీదికి మార్చినా. ఏమీ కాలేదు.

అమావాస్య వచ్చె. మగ్గాలకు సెలవు. ఖాళీ షెడ్డులో పొద్దస్తమానం పాట ఒక్కసారీ తెగలేదు. జరీ యాడిది ఆడనే ఉండాది. సరే, నేతే కారణమేమోనని మర్నాడు భోజనాలప్పుడు అన్ని మగ్గాలూ నిలిపించి చూసినా. అయినా తెగె. మనుషులు వచ్చిన దినం నడిచేది, రాని దినం ఆగేది ఇంకేదో ఉండాదని అప్పుడు తట్టె.

లాప్‌టాప్ పట్టుకొని గోడెంబడి నడిచినా. వినాయకుని పటం కాడికి పోతే సిగ్నల్ పూర్తిగా చచ్చిపాయ. పటానికేసిన దండ చాటున బొటనవేలంత కెమెరా. వైరు లేనిది. దాని బొమ్మలూ నా పాటలూ గాలిలో ఒకే దారిన పోతాండాయి, ఒకదాన్నొకటి తొక్కుకుంటాండాయి. సెలవు నాడు చూసేదానికి మనుషులు ఉండరని దాన్ని ఆపేస్తివి.

ఏందీ? జరీ రీలు పోయినాదని పెట్టినావా? అది మన బీరువాలోనే దొరికె కదా.

"నేసేవానిదే మగ్గం" అని ఆ గోడ మీద నేను రాస్తాంటే సున్నం కలిపిచ్చింది ఎవరు?

తల దించుకోవద్దు నాయనా. నాది కూడా విను.

నిన్న నువ్వు సోమందేపల్లెకు పోయినప్పుడు ఈ గదిలోకి వచ్చి ఆ కెమెరా బొమ్మలొచ్చే ఇదే టీవీ పెట్టినా. టీవీ తీగ పీకెయ్యాలనే వచ్చినా, పీకలేదు. కూచున్నా. ఆంజినమ్మక్క వాచిన కాలు మగ్గం గుంతలోంచి బయటికి తీసి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. చప్పుడు లేదు, బొమ్మే. ఓబిలేష్ అన్న పని వదిలి ఎన్నిసార్లు లేచినాడో లెక్కపెట్టినా. ఏడు సార్లు. నన్నెవరూ లెక్కపెట్టమనలేదు.

మళ్లీ అమావాస్య మార్చి ఇరవయ్యారున. అంతకు ముందే, వాళ్లు మగ్గాల మీదున్నప్పుడే, ఆ కెమెరా చేతిలో పట్టుకొని నువ్వే చెప్పల్ల. చెప్పకుంటే ఉగాది నాడు నేను చెప్తా. నువ్వు పెట్టినావనీ, నేను చూసినాననీ.

చెప్తావో లేదో, నీ జవాబు నాకు మార్చి ఇరవై లోగా కావాల.