దుప్పికొమ్ముల మొక్కకి చెప్పిన మాటలు

అచ్చియ్యమ్మని ఎరుగుదురు కదా, కడియం అవతల మా నర్సరీల ఊళ్లో వరహాలు పెళ్లాం. శుభ్రం మనిషి. శుభ్రం అంటే మీ ఇళ్లల్లో శుభ్రం లాంటిది కాదు, కంగారు పడకండి. ఆవిడ గుమ్మం ఎక్కాలంటే కోడిపెట్ట కూడా ఓసారి కాళ్లు చూసుకునేదంట. ఆ వరహాలేమో నర్సరీలో మొక్కలకి అంట్లు కడతాడు. మట్టి చేతులు, మట్టి కాళ్లు. ఇద్దరికీ మాటల్లేవు. మట్టి గురించి అనుకునేరు, కాదు. ఏమైందంటే, ఒకరోజు మధ్యాహ్నం అచ్చియ్యమ్మ వాళ్లమ్మకి ప్రాణం మీదికొచ్చిందని నర్సరీకి ఫోనొచ్చిందంట. అప్పుడు లారీకి మొక్కలెక్కిస్తున్నారు. ఎక్కించేసి చెబుదాంలే అనుకున్నాడు ఈయన. ఎక్కించి, తాళ్లు బిగించి, ఇంటికొచ్చి చెప్పేసరికి సాయంత్రమైంది. ఈవిడ పడుతూ లేస్తూ వెళ్లేసరికి తల్లిని వాకిట్లో పడుకోబెట్టేశారు. అందరితో పాటు ఏడ్చింది. మొగుణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఇంకే మాటా అనలేదు. వండేది, పెట్టేది, చొక్కా ఉతికేది, అంతే. నాలుగేళ్లు.

అందులో మొదటి ఏడాది గడిచాక ఆయన ఓ చెక్కకి కట్టిన మొక్క తెచ్చాడు. దుప్పికొమ్ముల మొక్క అంటారు. కుండీ లేదు, మట్టి లేదు. కొబ్బరిపీచు మీద కూర్చుని, దుప్పి కొమ్ముల్లా చీలిన ఆకులు కిందికి వేలాడేసుకుని ఉంటది. మట్టి రాలదు కాబట్టి ఈవిడ ఊరుకుంది. నూతి పక్కన నీడగోడకి తగిలించాడు. మరి నీళ్లెలా పొయ్యాలో చెప్పాలి కదా, చెబుదామంటే ఈవిడ మొహం తిప్పేసుకుంటది. అందుకని మొక్కకే చెప్పాడంట. "చూడమ్మా, నిన్ను రోజూ తడపకూడదు. చెక్క ఎత్తి చూసి, తేలిగ్గా ఉంటే తొట్లో పావుగంట ముంచి, నీళ్లోడ్చి మళ్లీ తగిలించాలి. ఎండ తగలకూడదు." ఈవిడ వంటింట్లోంచి విని, మర్నాడు మొక్క దగ్గరికెళ్లి, "ఒకసారి చెబితే చాలు, నాకు చెవుడు లేదని చెప్పు" అందంట. చూశారా, అక్కడ దారి పడింది. ఇంక అన్నీ దానికే. "రేపు పెందరాళే వెళ్లాలని చెప్పు." "పులుసు కాచాను, చల్లారకముందు తినమని చెప్పు." "మోకాలు నొప్పిగా ఉంది, నూనె ఉందేమో అడుగు." ఆ మొక్క నోరు మెదపకుండా ఇద్దరి మాటలూ చేరేసేది. అదే వాళ్ల పక్కింటి నూకరత్నమైతే దారిలో నాలుగు కలిపేది. ఓరోజు అచ్చియ్యమ్మ పెరట్లో బట్టలారేస్తుంటే, గోడవతల ఆయన మొక్కతో మెల్లిగా అంటున్నాడంట, "ఆవేళ లారీ ఆపేయాల్సింది. ఆ సంగతి ఆవిడకి చెప్పకు." ఈవిడ తడిచీర అలాగే పట్టుకుని నిలబడిపోయింది. చెప్పకు అన్నాడు కదా, విననట్టే లోపలికొచ్చేసింది. ఆయన ఆ మాట తనతో ఎప్పుడంటాడా అని మాత్రం లోపల ఓ మూల కాచుకునే ఉందనుకోండి.

ఆ మొక్కకి వెనకాల చెక్కని కరుచుకుని డాలులాంటి గుండ్రటి ఆకుంటది. కొత్తలో పచ్చగా ఉంటది, తర్వాత ఎండి అట్టలా అయిపోద్ది. ఎండినా తియ్యకూడదు, వేళ్లని కప్పి కాచేది అదే. వరహాలు అన్నీ చెప్పాడు గానీ ఈ ఒక్కటీ చెప్పలేదు. మొక్కకి తెలుసు కదా అనుకున్నాడేమో. ఉగాదికి ఇల్లు కడుక్కునే రోజులు. ఆయన విశాఖపట్నంలో ఎవరిదో తోట వెయ్యడానికి పది రోజులు వెళ్లాడు. ఈవిడ ఆ ఎండాకు చూసింది. ప్రహరీ మీదుంచి నూకరత్నం, "ఎండినదాన్ని ఉంచుకుంటారేంటే అచ్చియ్యా, పీకెయ్యి, కొత్తది తన్నుకొస్తది" అంది. నూకరత్నం కోటలో తులసి మూడుసార్లు చచ్చింది, సలహాలు మాత్రం ఒక్కటీ చావలేదు. ఈవిడ పీకేసింది. ఆకుల మీద తెల్లటి నూగుంటే దుమ్మనుకుని తడిగుడ్డతో తుడిచేసింది కూడా. నాలుగు రోజులకి కొమ్ములు వాలిపోయాయి. దాహమేమో అని రోజూ ముంచింది. ఇంకా వాలాయి. అప్పుడు నూతి గట్టు మీద కూలబడి అనుకుందంట, ఇది పోతే ఆయనతో ఏ నోటితో మాట్లాడాలి? నా సొంత నోరు మర్చిపోయానే. రేపొచ్చి చూస్తే, ఆయనైనా ఎవరితో చెప్పుకుంటాడు?

మర్నాడు మధ్యాహ్నం వరహాలు సంచి భుజాన వేసుకుని వచ్చాడు. ఈవిడ నూతి దగ్గరే నిలబడి, "ఏవయ్యా" అంది. ఆయన వెనక్కి తిరిగి చూశాడంట, ఎవర్ని పిలుస్తోందా అని. "నిన్నే. ఎండాకని పీకేశాను. నిన్నడగలేదు. బతుకుద్దా?" ఆయన సంచి దింపి, మొక్క వైపే తిరిగి, "ఆవిడకి చెప్పు..." అని మొదలెట్టాడు, అలవాటు కదా. "దానికే ప్రాణం మీదికొచ్చింది, ఇంకా దాంతో మోయిస్తావా? నాతో చెప్పు" అంది. అప్పుడు ఇటు తిరిగాడు. "నీ తప్పు లేదు. చెప్పాల్సింది చెప్పలేదు నేను." "మొక్క సంగతేనా?" అందంట ఈవిడ. ఆయన చెక్కని గోడ మీంచి దింపుతూ, "రెండూను" అన్నాడంట.

తర్వాత ఇద్దరూ కూర్చుని, బయటపడ్డ వేళ్ల మీద తడిపీచు కప్పి, ఆవిడ పాతచీర అంచు చింపి కట్టు కడుతున్నారు. మెల్లిగా అడిగిందంట ఈవిడ, "ఆవేళ లారీలో ఏం మొక్కలు?" "క్రోటన్లు." "క్రోటన్లకోసమా మా అమ్మని నాకు చూపించలేదు!" ఇంక తిట్టింది చూడండీ! నాలుగేళ్ల తిట్లు, ఒక్కటీ పాడవకుండా దాచుకుంది మహాతల్లి. తిడుతూ ఏడ్చింది, ఏడుస్తూ తిట్టింది. ఆయన చెక్క పట్టుకుని కూర్చునే ఉన్నాడు. చివరికి ఈవిడే ముక్కు తుడుచుకుని, "వేలెయ్యి, ముడెయ్యాలి" అంది.

రెండు నెలలకి మొక్క అప్పడమంత పచ్చటి డాలాకు వేసింది. బతికింది. వాళ్లిద్దరూ ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని, ఒకరికి ఒకరు వినబడేంత మెల్లిగా మాట్లాడుకుంటారు. మొక్కకి చెప్పిన రోజుల్లో ఊరందరికీ వినబడేది. ఇప్పుడు ఏమనుకుంటారో ఒక్క ముక్క బయటికి రాదు. పాపం నూకరత్నం చిక్కిపోయింది. నేనా? నాకెందుకండీ వాళ్ల గొడవ, రోజుకి రెండుసార్లు నీళ్లకి ఆ నూతికే వెళతాను గానీ, వినబడితేగా.