సుంకులమ్మ చెప్పిన సగం పెండ్లి

సుంకులమ్మ అని, కంబళ్లు నేసే ఆయమ్మ. మౌనపోళ్లలో మనిషి. మౌనపోళ్లంటే కులం గాదులే, అదొక దారి అనుకో. ఆళ్ల పెండ్లికి అయ్యోరు లేడు, మేళం లేదు, తాళి లేదు. అందరూ కొట్టంలో నోరు మూసుకోని కూచుంటారంట. మనసులో మాట గట్టిపడినప్పుడు పిల్లోడు లేచి "ఈమెను చేసుకుంటాండా" అంటాడు, ఆ మాటే పిల్ల లేచి అంటాది. అంతే, అయిపాయ. సుంకులమ్మకు అమ్మా లేదు, నాయనా లేడు. ఉన్నికి రంగులేసే ఓబులేసు ఒక్కడే ఆ వాకిట్లోకి వచ్చేటోడు. "ఈ ఎరుపు బాగుండాదా?" "బాగనే ఉండాది." ఆ రెండు మాటలతోనే కుదిరింది ఇద్దరికీ.

పెండ్లి పెట్టుకున్నాక ఏమైందంటే, టౌన్లో అచ్చాపీసోడొకడు ఈళ్ల పెండ్లి మీద బొమ్మలు అచ్చేసి సంతలో అమ్మించినాడంట. పెండ్లికొడుకు కొంగ మాదిరి, పెండ్లికూతురు గుమ్మడికాయ మాదిరి, సుట్టూ ఉండేటోళ్లంతా గురకలు పెడతాన్నట్టు. కింద ఏం రాసినాడంటే, "ముందు నోరు తెరిచినోళ్లే పెండ్లాం" అని. టీ అంగట్లో అదే బొమ్మ, మంగలి అంగట్లో అదే బొమ్మ. ఓబులేసు కనపడితే చాలు, "ఏమప్పా, ముందు నోరు తెరిచి చీర కట్టుకుంటావా" అనేది. సుంకులమ్మకూ చూపించినారు. "కండ్లు బాగేసినాడు" అనింది, అంతే. ఇంటికి పోయి ఏడ్సిందో లేదో, చూసేదానికి ఇంట్లో ఇంకొకరుంటే గదా.

పెండ్లినాడు కొట్టంలో అందరూ కూచున్నారు. కిటికీ కాడ ఊరోళ్లు బొమ్మలు పట్టుకోని మూగినారు. ఓబులేసు లెయ్యలా. పొద్దెక్కింది, అయినా లెయ్యలా. నేల చూస్తా కూచున్నాడు. పక్కనుండే మనిషి పక్కనుండంగనే యాడికో పోతాన్నట్టు అనిపించింది సుంకులమ్మకు. ఇంక తానే లేచింది. కిటికీ కాడ నవ్వినారు. ఆ నవ్వు ఆగిందాకా నిలబడి, "ఓబులేసును నేను చేసుకుంటాండా" అని చెప్పి కూచునింది. మౌనపోళ్లకు పెద్దమనిషి తిమ్మప్ప, "ఓబులేసూ, నీ మాట" అన్నాడు. ఓబులేసు లేచినాడు. లేచి, వాకిలి దాటి పోయినాడంట. యాడో మేళంతో ఇంకొకామెను చేసుకున్నాడని తర్వాత విన్నారు.

తిమ్మప్ప ఆయమ్మ ఇంటికి పోయి, "అమ్మా, నీ మాట ఎనక్కి తీసుకో, ఇంకొక సంబంధం చూస్తాం" అన్నాడంట. "ఆయప్ప లేస్తాడని చెప్పలేదు తాతా. నిజమని చెప్పినా. నిజాన్ని ఎట్ల ఎనక్కి తీసుకునేది?" అని మగ్గం కాడికి పోయి కూచునింది. ఊరోళ్లు ఎగతాళికి "ఓబులేసు పెండ్లామా" అని పిలిచేది మొదలుపెట్టినారు. ఆయమ్మ ముసల్దయ్యేసరికి ఎగతాళి పోయింది, పిలుపు నిలిచింది. వాకిట్లో ఎవురన్నా అట్ల పిలిస్తే, "ఆఁ, వస్తాండా" అని ఆత్రంగా లేచొచ్చేదంట. ఎవురనుకోని లేచేదో మనకేం తెలుసు. మనం కంబళి కోసరం పోయినోళ్లమే గదా.