గాలికి కూడా తెలియని మాట

ఇంకో గంటలో మాస్టారి కొత్త రేడియో పెట్టెలు లారీ ఎక్కి సరిహద్దుకు పోతాయి. లోపల ల్యాబులో ఆయన శిష్యురాలు వాటికి ఆఖరి పరీక్ష పెడుతోంది. మాస్టారు మాత్రం గేటు ఎదురుగా టీ బడ్డీ దగ్గర కాలు మీద కాలేసుకుని కబుర్లు అందుకున్నారు.

"చదువుకునే రోజుల్లో ఓ సైనికుడి రేడియోలో గరగర పోగొట్టాను, అంతే. మా గురువుగారు చూసి 'ఇక్కడే ఉండిపోరా' అన్నారు. ఆ మహానుభావుడి చలవే ఇదంతా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మాటకి తాళం వేయడం కనిపెట్టాను. మనవాడు 'హలో' అంటే, అవతల దొంగచాటుగా వినేవాడికి దోమల రొద. ఏడేళ్లు విన్నారు పాపం, దోమతెరలు కొనుక్కున్నారు!"

"అబ్బో!" అంది టీ పిన్ని.

"నీ పుణ్యమేనమ్మా. నీ టీ లేకపోతే ఆ లెక్క తెగేదా? వినండి మరి. వాళ్ల శాస్త్రవేత్తలు నా తాళంతో కుస్తీ పట్టి పట్టి, విసిగిపోయి వ్యవసాయంలోకి దిగారు. ఆ ఏడాది పంటలు విరగపండాయి. నాకు దణ్ణం పెట్టుకున్నారట! ఇక ఈ కొత్త పెట్టె ఉంది చూశారూ, దీంట్లో మా ఆవిడతో మాట్లాడితే ఆవిడ అన్నది నాకే అర్థం కాలేదు!"

"పెట్టె లేకపోయినా అంతే కదండీ," అన్నాడు ఆటో బాబాయ్.

"నవ్వకండయ్యా. దీంట్లో మాట గాలికి కూడా తెలియదు. నిన్న గాలే వచ్చి అడిగింది, 'నేను మోస్తున్నదేంటి సార్' అని..."

అంతలో శిష్యురాలు గేటు దాటి వచ్చి నిలబడింది.

"దొరికిపోయారు సార్."

"ఎవరు?"

"మీరే. తాళం జోలికి నేను పోలేదు, అది గట్టిదే. కానీ పెట్టె మాటల్ని మూటలు కట్టి పంపుతోంది. ఎక్కువ మాట్లాడితే పెద్ద మూట, తక్కువైతే చిన్నది. పరీక్ష కోసం మీరూ కల్నల్‌గారూ మాట్లాడారు కదా, ఒకవైపు నుంచి ఎప్పుడో ఓ చిన్న మూట. రెండోవైపు నుంచి పెద్ద మూటలు, ఆగితే ఒట్టు! అది మీరేనని తెలియడానికి తాళం తీయాలా?"

అందరూ గొల్లుమన్నారు. మాస్టారు నవ్వలేదు.

"అంటే, సరిహద్దులో ఎక్కువ మాట్లాడి ఆర్డర్లు ఇచ్చేది ఎవరో శత్రువులకి తెలిసిపోతుంది. ముందు గురి అతని మీదే పెడతారు."

"అవును సార్."

ఆయన వెంటనే ఫోన్ తీసి లారీ ఆపించారు. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి, అందరి ముందూ రెండు చేతులూ జోడించారు.

"ఎవరి బిడ్డనో బతికించావు తల్లీ."

"అయ్యో, ఊరుకోండి సార్. మూటలన్నీ ఒకే సైజులో కడితే సరిపోతుంది. చిన్నవాటిల్లో అర్థంపర్థం లేనిదేదో కూరాలి. అంత సరుకు ఎక్కడినుంచి తేవాలా అనే..."

"దానికేం కొదవమ్మా," అంది టీ పిన్ని, గ్లాసులు కడుగుతూ. "మీ సార్‌ని అలా మాట్లాడుతూ ఉండమను."