లోపలి బొట్టు

కదిరి బస్టాండు వెనక పాత కంప్యూటర్ సామాన్ల అంగడి. తక్కువలో గేమింగ్ కంప్యూటర్ బిగించుకోవాలని వచ్చినాయన ఒక గ్రాఫిక్స్ కార్డును వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

“ఇది యాడిదప్పా?”

“మా ఇంట్లోదేన్నా. నేను తప్ప ఎవురూ ముట్టలేదు.”

“దీని ఫ్యాన్ మీద కుంకుమ ఉండాదే?”

“ఆయుధ పూజకు మాయమ్మ పెట్టింది.”

“కంప్యూటర్ డబ్బా విప్పి, లోపల కార్డుకా?”

“ఆమెకు భక్తి ఎక్కువన్నా.”

“మాయమ్మా అంతే. మా గేమింగ్ సెంటర్‌లో ప్రతి మిషనూ విప్పిస్తాది. పనిచేసేది లోపలిదైతే డబ్బాకెందుకురా బొట్టు అంటాది. పోయిన నెల మాకు దొంగలు పడినారులే.”

“అయ్యో. కేసు పెట్టినారా?”

“పెట్టినాం. మీయమ్మను ఒకసారి పిలువు.”

“ఎందుకన్నా?”

“మాయమ్మ బయట ఆటోలో ఉండాది. ఈ బొట్టు ఎవురు పెట్టినారో వాళ్లిద్దరే తేల్చుకుంటారు.”