పదహారు మిల్లీమీటర్లు

సాలూరులో ఇంటి మేడ మీద సుహాసిని. రాయపూర్ ఊరిబయట దాబా దగ్గర లారీ ఆపుకుని ఆమె మొగుడు తిరుమలరావు. మధ్యాహ్నం, ఫోనులో.

"మళ్లీ సెప్పు. డాక్టరమ్మ ఎంతన్నాది?"

"పదహారు మిల్లీమీటర్లు. ఎన్నిసార్లు సెప్పాల బావా?"

"ఇనబడనేదే. ఇక్కడన్నీ హారన్లు."

"ఇనబడింది నీకు. మళ్లీ ఇనాలని అడుగుతన్నావు."

"అవును. మళ్లీ సెప్పు."

"నా కడుపులో పదహారు మిల్లీమీటర్లు ఉన్నాది. సాలా?"

"గుండె కొట్టుకుంటన్నాదా?"

"టకటకా కొట్టుకుంటన్నాది. నా సెవులతో ఇన్నాను. ఇంకో మాట కూడా ఉన్నాది గాని, అది ఇప్పుడు సెప్పను."

"మంచిదా, సెడ్డదా?"

"ఇంటికొస్తానని ముందు నువ్వు సెప్పు. అప్పుడు సెప్తాను."

"అదీ... అది సరే గాని, ఆ పదహారేదో కిలోమీటర్లలో సెప్పవే. నా బండిలో మిల్లీమీటర్లు సూపించే మీటరు నేదు."

"మాట మార్సీకు."

"మార్సనేదు. ముందిది సెప్పు."

"నా ట్యూషన్ పిల్లలే నీకన్నా నయం. ఆరు మెట్లెక్కాల. మిల్లీ నుంచి సెంటీ, డెసీ, మీటరు, డెకా, హెక్టా, కిలో. మెట్టు మెట్టుకీ పాయింటు ఎనక్కి జరుగుతాది."

"ఎక్కీసాను. ఎంతొచ్చింది?"

"సున్నా పాయింటు, తర్వాత నాలుగు సున్నాలు, ఒకటి, ఆరు."

"అంతేనా? అన్ని మెట్లెక్కితే అంతేనా? పైకెక్కేకొద్దీ పాపం మావోడు అరిగిపోతన్నాడు."

"అయితే దిగు. మైక్రాన్లలో పదహారు వేలు. ఇంకా కిందికి, నానోమీటర్లకి దిగితే కోటీ అరవై లక్షలు."

"కోటీ అరవై లక్షలా? ఒరే లక్ష్ముడా, మావోడు కోటీ అరవై లక్షలంటరా."

"లక్ష్ముడికి సెప్పీసావా? మూడో నెల ఎల్లినదాకా ఎవులికీ సెప్పొద్దని అత్త మరీ మరీ సెప్పింది గదా."

"ఒకే బండి తోలుకుంటన్నోళ్లం. ఆడికి సెప్పకపోతే నా మొకం సూసి ఆడే కనిపెట్టీసీవోడు. పొద్దున్నుంచి టీలోకి పంచదార ఏసుకోవడం మర్సిపోయి రెండు గ్లాసులు తాగీసాను."

"వోడు వోడు అంటన్నావు. అమ్మాయైతే?"

"అమ్మాయైతే ఓనర్ని మళ్లీ బతిమాలి బండి ముందర మా అమ్మ పేరు తీయించి దాని పేరు రాయిస్తాను."

"ఈ మాట అత్త దగ్గర అను, సూద్దాం."

"అనను. రోజుకెంత పెరుగుతాదన్నాది?"

"ఇంచుమించు మిల్లీమీటరంట."

"అయితే గంటకెన్ని కిలోమీటర్లు?"

"ఏటి?"

"స్పీడే. నాకు స్పీడైతేనే బుర్రకెక్కుతాది."

"నీకు పిచ్చెక్కింది. ఉండు... ఇరవై నాలుగుతో భాగిస్తే... సున్నా పాయింటు, ఏడు సున్నాలు, నాలుగు."

"ఏడు సున్నాలా? వానలో, నిండు లోడుతో సుంకి ఘాటీ ఎక్కినప్పుడు కూడా ఇంత నెమ్మదిగా తోలనేదే నాను."

"నెమ్మదిగానే రానీ. తొందరేటి. నవ్వించీకు బావా, గట్టిగా నవ్వితే కదులుతాదేమోనని బయమేస్తన్నాది."

"నవ్వితే ఏటవ్వదే. నవ్వు."

"నువ్వెప్పుడొస్తావు?"

"అదే... ఓనరు ఫోన్ సేసాడు. సూరత్‌కి లోడున్నాదంట. గంటలో ఏ మాటో సెప్పాల."

"మళ్లీ లోడేనా?"

"సుహా, ఇనవే."

"పోయినసారీ ఇలాగే లోడున్నాదన్నావు. గౌహతి ఎల్లిపోయావు. నాను ఆస్పత్రి మంచం మీద, అంతా అయిపోయినాక గోడ సూసుకుంటా తొంగున్నాను. నువ్వొచ్చీసరికి ఏడవడానికి కూడా ఏటీ మిగల్నేదు."

"అది ఇప్పుడెందుకే."

"బయమేస్తన్నాది కాబట్టి. పొద్దున్నుంచి నవ్వుతానే ఉన్నాను గాని, లోపల బయమేస్తన్నాది."

"నాకూ బయమే. బయమేసే గదా కూకుని ఈ సున్నాలన్నీ లెక్కెడతన్నాను."

"అయితే ఇంకో లెక్క సెప్పు. అక్కడ్నుంచి మనిల్లెంత?"

"తొమ్మిదొందల కిలోమీటర్లు."

"అబద్దం. నిన్న ఫోన్లో దారి సూసాను. నాలుగొందల యాభయ్యే సూపించింది."

"లారీవోళ్ల లెక్క అంతేనే. పోనూ రానూ కలిపీసి ఒకటే మాట సెప్తాం. విడివిడిగా ఎవుడు సెప్తాడు?"

"ఇప్పుడు నువ్వు రావడమే గదా. సగం తీసీ."

"తీసీసాను. నాలుగొందల యాభై."

"మిల్లీమీటర్లయితే నలభై ఐదు కోట్లు."

"ఓలమ్మ. అన్ని కోట్లు నానెప్పుడు తోలాలే."

"పదహారు పదహారుగా తోలుకుంటా వచ్చీ."

"అలాగైతే ఎన్నిసార్లు?"

"రెండు కోట్ల ఎనభై లక్షల పైమాటే."

"అమ్మో. మనాంధ్రా జనంలో సగానికి పైగా వరసలో నిల్సున్నట్టే."

"సూరత్‌కెంత?"

"వెయ్యి దాకా ఉంటాది. ఇది పోనూ లెక్కే, రానూ కలపనేదు."

"వెయ్యి కిలోమీటర్లంటే మెగామీటరు."

"అలాటిది కూడా ఒకటున్నాదా?"

"ఉన్నాది. ఎవులూ వాడరు."

"పేరింటేనే నడుం నొప్పెడతన్నాది. ఓనరుతో ఇదే సెప్పీస్తాను. కిలోమీటర్లయితే తోలతాను గాని మెగామీటర్లు నా వల్ల కాదని."

"ఏలాకోలం కాదు బావా. వస్తావా, రావా?"

"లక్ష్ముడు సూరత్ తోలీస్తానంటన్నాడు. అక్కడికి తోడుగా ఇంకో డ్రైవర్ని ఓనరే సూసుకుంటాడు. నాను జగదల్‌పూర్ బస్సెక్కీస్తాను. రేపీపాటికి ఇంట్లో ఉంటాను."

"ఒట్టు?"

"ఒట్టెందుకే, బేగు కిందికి దించీసాను. లుంగీ, దుప్పటి, నువ్వెట్టిన ఆవకాయ సీసా, అన్నీ రోడ్డు మీదున్నాయి."

"నిజంగానా?"

"నిజం. ఏడుస్తన్నావా?"

"నేదు. నవ్వుతన్నాను. రెండూ వస్తన్నాయి."

"సాల్లే. వస్తానన్నాను గదా, ఆ దాసిన మాటేటో సెప్పు."

"సెప్తాను. ముందు ఎక్కడైనా కూకో."

"కూకునే ఉన్నాను. ఆగాగు, లక్ష్ముడేదో అంటన్నాడు... ఏట్రా? ఆఁ? ఒసే సుహా, ఆడి పెళ్లానికి మొన్న ఏడో వారంలో ఎనిమిది మిల్లీమీటర్లే అన్నారంట. మనకీ ఏడో వారమే గదా. మనది పదహారేటి?"

"ఊఁ."

"ఊఁ ఏటి? ఆ డాక్టరమ్మ సరిగ్గా సూసిందా? ఏదైనా తేడాగా ఉన్నాదా? నా దగ్గర దాసీకే."

"ఆవిడ సరిగ్గానే సూసింది. నానే లారీవోళ్ల లెక్కలో సెప్పాను."

"అంటే?"

"సగం తీసీ బావా. అలాటివి రెండున్నాయి."