ఐదు దీవులకు చేరిన పటం

"ఆపియా కాలేజీ కూడా మన చేపల వ్యాసం తీసుకుందోయ్! ఇక ఐదు దీవుల కంప్యూటర్లలోనూ మనమే!"

సువా విశ్వవిద్యాలయంలోని తమ చిన్న గదిలో లితియానా కొత్త మొగుడు విలికేసా భుజాలు పట్టి ఊపేసింది. అతను కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పలేదు.

"పటంతో సహానా?"

"ఏ పటం?"

"చేపలు గుడ్లు పెట్టే చోటు చూపించేది. ఎవరికీ చెప్పనని మీ పెదనాన్నకి మాటిచ్చావు కదే!"

ఆమె నవ్వు ఆగిపోయింది. "అయ్యో, చివరి పేజీలో ఉండిపోయింది! తీసెయ్, తొందరగా!"

"మన దగ్గరున్నది తీసేశా. మిగతా నాలుగు ప్రతులూ ఆ దీవుల కాలేజీల చేతుల్లో ఉన్నాయి. పరిశోధన పత్రికల కంపెనీల పెత్తనం వద్దు, ఎవరి ప్రతి వాళ్ల దగ్గరే ఉండాలని పట్టుబట్టింది నువ్వేగా?"

"ఇప్పుడా దెప్పడం? పెద్ద వలలవాళ్లు అక్కడికి చేరితే మా ఊరికి చేపే మిగలదు."

"అడిగితే వాళ్లూ తీసేస్తార్లే. ఈలోగా ఎవరైనా చూసేసి ఉంటే?"

"అప్పుడు ఆ మాట పెదనాన్న నా నోటే వినాలి. నువ్వు నాలుగు కాలేజీలకీ ఫోన్ చెయ్యి. నేను బజారుకెళ్లి పెద్దలకు కానుకగా పెట్టే యంగోనా వేరు మంచిది తెస్తా."

"వ్యాసం రాయడానికి అనుమతి అడిగినప్పుడూ ఆయన ముందు ఆ వేరే పెట్టాం."

"తప్పు ఒప్పుకోవడానికీ అదే పెట్టాలి. రేపు తొలి పడవకే ఊరెళ్తున్నాం. నా పక్కనే నువ్వూ తలొంచుకుని కూర్చోవాలి, అల్లుడుగారూ!"